రాయి వాళ్ల చేత్తోనే దొర్లించు

ప్రభువునందు ప్రియమైన బుజ్జమ్మకి, అమ్మమ్మ దీవించి రాసేది.

ఈ ఏడు ఈస్టరు ముందరి శ్రమల వారం పిల్లలతో ఇంట్లో కూడా ఆచరిస్తావని మీ అమ్మ చెప్పింది. కడుపు నిండిపోయింది. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. పెద్దాడికి అయిదేళ్లు, చిన్నదానికి మూడు. వాళ్లకి సిలువ సంగతి ఎలా చెబుతావోనని నా బెంగ.

మట్టల ఆదివారం గుడినుంచి తెచ్చిన మట్టని సిలువలా అల్లి గుమ్మానికి కట్టు. ఆ రోజే ఓ కుండీలో మెంతులు చల్లండి, పండగనాటికి పచ్చగా లేస్తాయి. రంగు గుడ్లంటావా, నీ ఇష్టం.

శుక్రవారం దగ్గరే జాగ్రత్త. మీ పెద్ద మావయ్యకి అయిదేళ్లప్పుడు, శ్రమల దినాల్లో ఓ రోజు డబ్బాలోంచి బెల్లం తీసుకుని తిని, తినలేదని అబద్ధమాడాడు. మంచి శుక్రవారంనాడు పస్తుతోనే, ప్రభువు సిలువమీద పలికిన ఏడు మాటల ఆరాధనకి తీసుకెళ్లాను. పన్నెండునుంచి మూడుదాకా చాపమీద కదలనివ్వలేదు. మేకుల మాట వచ్చినప్పుడు వాడి చెవిలో, "నీ అబద్ధానికే ఆ మేకు" అన్నాను. భక్తి నేర్పుతున్నాననుకున్నానే! వాడు ఏడవలేదు. ఇంటికొచ్చి మీ తాతయ్య సుత్తి తీసుకెళ్లి ఎక్కడో దాచేశాడు. రెండు రాత్రులు ఉలిక్కిపడి లేచాడు. ఆదివారం చీకటితోనే మేమంతా కొవ్వొత్తులూ పూలూ పట్టుకుని సమాధుల తోటకి బయల్దేరుతుంటే, అప్పుడే కన్నంటుకుంది కదా అని వాణ్ణి మా అత్తగారి దగ్గర వదిలేశాను. బిడ్డకి చావు చూపించాను, లేవడం చూపించలేదు. ఆ తర్వాత చాలా ఏళ్లు, మంచి శుక్రవారం వస్తోందంటే వాడికి ఒళ్లు వెచ్చబడేది. సుత్తి వానాకాలంలో కట్టెల కింద దొరికింది. అది ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

ప్రభువు శిష్యుడు పేతురు కూడా చలిమంట దగ్గర, ప్రభువెవరో ఎరగనని మూడుసార్లు అబద్ధమాడాడు. లేచిన ప్రభువు నిప్పులమీద చేపలు పెట్టి, ఆ పేతురునీ కలిపి "రండి భోజనము చేయుడి" అని పిలిచాడు. యోహాను 21లో ఉంది. బెల్లం తిన్న పిల్లాడికి నేను చెప్పాల్సింది ఆ కథ.

అందుకని శుక్రవారం కథ పొట్టిగా చెప్పు. పస్తు నువ్వుండు, వాళ్లకి వేళకి అన్నం పెట్టు. శనివారం ముగ్గురూ కలిసి మట్టితో ప్రభువు సమాధిలా చిన్న గుహ చేసి గులకరాయి అడ్డం పెట్టండి. ఆదివారం తెల్లారగానే ఆ రాయి వాళ్ల చేత్తోనే దొర్లించు. వాళ్లు లోపలికి తొంగి చూస్తుంటే "ఆయన ఇక్కడ లేడు, ఆయన లేచియున్నాడు" అని చదువు. తర్వాత ఆ చేపల కథ చెబుతూ చేపలు వేయించి పెట్టు, ముళ్లు తీసి.

నిద్రపోతున్నారని మాత్రం వదిలెయ్యకు తల్లీ. భుజానేసుకునైనా సూర్యోదయ ఆరాధనకి తీసుకెళ్లు. కొవ్వొత్తి చిన్నదాని చేతికివ్వకు, గౌను అంటుకుంటుంది.

గుడికి బయల్దేరేముందు ఫోన్ చెయ్యి. పెద్దాణ్ణి "క్రీస్తు లేచెను" అనమను, "నిజముగా లేచెను" అని నేనంటాను. నాలుగింటికే లేచి కూర్చుంటాను.

మీ అమ్మమ్మ