సెయింట్ జోసెఫ్ అంటే మా జోజప్పగారే

కడపకు కొత్తగా వచ్చామని, పాపను చేర్చాలనుకుంటున్న బడి పేరు సెయింట్ జోసెఫ్ అని రాశారు. ఈ సెయింట్లు ఎవరు, పేరు ముందు ఆ మాట ఉంటే అది చర్చి వాళ్ల బడేనా, ఇక్కడి మరియాపురం పేరు కూడా అలాంటిదేనా అని అడిగారు. నేను పుట్టి పెరిగింది కడపలోనే, మాది క్యాథలిక్ కుటుంబం. నాకు తెలిసింది చెప్తాను.

ఫీజు కట్టే ముందు తేల్చుకోవాల్సింది కాబట్టి ముందు బడి సంగతి. సెయింట్ అని ఉన్న ప్రతి బడీ చర్చిది కాదు. ఆ మాట ఉంటే కన్యస్త్రీల, అంటే నన్‌ల, బడిలా క్రమశిక్షణ, ఇంగ్లీషు ఉంటాయని తల్లిదండ్రుల నమ్మకం. అందుకే చర్చితో సంబంధం లేనివాళ్లు కూడా ఆ పేరు పెట్టుకుంటారు. వాటిలోనూ మంచి బళ్లు ఉన్నాయి. ఏ మేత్రాసనం, ఏ కన్యస్త్రీల సంఘం నడుపుతోందని ఆఫీసులో అడగండి, చెప్తారు. మేత్రాసనం అంటే బిషప్‌గారి కింద ఉండే ప్రాంతం. కర్నూలు మేత్రాసనం 1967లో ఏర్పడింది, దాన్నుంచి 1976లో కడప విడిపోయింది. మన దగ్గర బిషప్‌గారి గుడి పేరు సెయింట్ మేరీస్ కెథడ్రల్.

సెయింట్ అంటే పవిత్రంగా బతికారని చర్చి గౌరవించేవాళ్లు. జోసెఫ్ అంటే యేసు తల్లి మరియమ్మ భర్త. వడ్రంగి. సువార్తల్లో ఆయన నోటి నుంచి ఒక్క మాట కూడా ఉండదు, చెప్పిన పని లేచి చేస్తాడు, అంతే. నాకు ఆయన మీద ఉన్న ఇష్టమంతా దానికే. మేము జోజప్పగారు అంటాం. మా అవ్వయితే ‘అర్చ్యశిష్ట జోజప్ప’ అనేది, ఇప్పుడు ‘పునీత’ అంటున్నారు. రెండూ సెయింట్ అనే మాటకు తెలుగే.

ఇలాంటి తెలుగు పేర్లు చాలా ఉన్నాయి. ఎక్కువ భాగం అరవ క్రైస్తవుల వాడుక నుంచి వచ్చాయి. యేసు శిష్యుడు పీటర్ రాయప్ప అయ్యాడు. యేసు ఆయనకు పెట్టిన పేరుకు అర్థం రాయి కదా. జేవియర్ శౌరయ్య అయ్యాడు. ఇక్కడ తిరకాసు ఏంటంటే జేవియర్ అసలు స్పెయిన్‌లో ఒక ఊరు. 1542లో మతబోధకు గోవాకు వచ్చిన ఫ్రాన్సిస్‌గారు ఆ ఊరివాడు కాబట్టి ఆ పేరొచ్చింది. ఇక పాల్ అంటే లాటిన్‌లో చిన్నవాడని, అందుకే చిన్నప్ప.

ఈ చిన్నప్పతో మా ఇంట్లో పెద్ద తిప్పలే వచ్చింది. మా నాయన పేరు బడి రిజిస్టరులో పాల్ అని, పొలం కాగితాల్లో చిన్నప్ప అని ఉంది. ఆయన పోయాక పొలం మా పేరు మీదికి మార్చుకోవాలంటే ఇద్దరూ ఒకరేనని రుజువు అడిగారు. నోటరీ అఫిడవిట్ రాయించి, నాలుగు నెలలు తిరిగాను. కౌంటర్లో కూర్చున్నాయనకు రెండూ ఒకే పేరని ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు. పోయిన మనిషి పేరును అనుమానంగా చూస్తుంటే చాలా బాధేసింది.

థెరీసా విషయంలో పెద్దవాళ్లే పొరబడతారు. సెయింట్ థెరీసా అన్న బడి మదర్ థెరీసా పేరు మీద పెట్టిందనుకుంటారు. సాధారణంగా అది 1897లో ఇరవై నాలుగేళ్లకే చనిపోయిన ఫ్రెంచి సన్యాసిని పేరు. మదర్ ఆమె పేరే తీసుకున్నారు. మదర్‌ను పునీతురాలిగా ప్రకటించింది 2016లోనే.

జమ్మలమడుగు క్యాంప్‌బెల్ ఆసుపత్రి, కర్నూలు కోల్స్ స్కూలు కూడా మిషన్ వాళ్లు పెట్టినవే, కానీ సెయింట్ అని ఉండదు. వాటిని పెట్టిన లండన్ మిషన్, బాప్టిస్టు వాళ్లు ప్రొటెస్టెంట్లు, పునీతుల పేర్లు పెట్టడం అరుదు. క్యాంప్‌బెల్ అక్కడ పనిచేసిన డాక్టరు.

మరియాపురం అంటే మరియమ్మ ఊరు, మీరు అనుకున్నది నిజమే. ఊళ్లకు ఈ పేర్లు పెట్టడం ప్రపంచమంతా ఉంది. మా అన్న కొడుకు అమెరికాలో శాన్ హోసేలో ఉద్యోగం చేస్తున్నాడు. 1777లో స్పెయిన్ వాళ్లు కట్టిన ఊరు. స్పానిష్‌లో హోసే అంటే జోసెఫ్. చిన్నప్పుడు జోజప్పగారి పండక్కి నా చెయ్యి పట్టుకుని గుడికి వచ్చిన పిల్లోడు, మూడేళ్లుగా ఆయన ఊళ్లోనే ఉంటున్నానని ఫోన్లో నేను చెప్పేదాకా తెలియదన్నాడు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘మార్చి పంతొమ్మిదికి గుడిలో నా పేరు మీద పూజ చెప్పించు చిన్నాయనా’ అన్నాడు.

ఆ తేదీనే జోజప్పగారి పండుగ. మీ పాప చేరబోయేది కన్యస్త్రీల బడే అయితే ఆ రోజు తప్పకుండా పంపండి.