రేగడిలో దిగబడిన బండికి ఏ జాకీ, ఏ వించ్? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నా దగ్గర థార్ ఉంది. మొన్నటి వానల్లో చేవెళ్ళ దాటిన తరువాత ఒక చేల బాటలో ముందు ఎడమ చక్రం ఇరుసు దాకా దిగబడింది. బండితో వచ్చిన జాకీ పెడితే బండి లేవలేదు సరికదా, జాకీయే నేలలోకి పోయింది. చివరికి ట్రాక్టరు రప్పించుకోవలసి వచ్చింది. పిడి కొడుతుంటే నిలువు కడ్డీ వెంట మెట్టు మెట్టుగా బండిని ఎత్తే హైలిఫ్ట్ జాకీ, బండి ముందు బిగించి మోటారుతో తాడును చుట్టి లాగే 12,000 పౌండ్ల ఎలక్ట్రిక్ వించ్ రెండూ తీసుకోమని దుకాణంవారు అంటున్నారు. అంత అవసరమా?
– ఒక పాఠకుడు, నల్లగండ్ల

జవాబు: మీ జాకీలో లోపమేమీ కనబడటం లేదు. తడిసిన రేగడి మీద అరచేయంత ఇనుప పాదం పెట్టి, దాని మీద అయిదారు వందల కిలోల బరువు మోపితే ఎంత ఖరీదైన జాకీ అయినా దిగిపోతుంది. మీకు చెబుతున్న హైలిఫ్ట్ జాకీ పాదం కూడా నాలుగంగుళాల వెడల్పు, ఏడంగుళాల పొడవు మాత్రమే, అంటే సుమారు 180 చదరపు సెంటీమీటర్లు. దాని కింద అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న మందపాటి చెక్క పలక వేస్తే అదే బరువు దాదాపు 900 చదరపు సెంటీమీటర్ల మీద పరుచుకుంటుంది, నేల మీద పడే ఒత్తిడి అయిదో వంతుకు తగ్గుతుంది. కాబట్టి జాకీ కొనేముందు ఏదైనా టింబర్ డిపోలో రెండంగుళాల మందం టేకు ముక్క ఒకటి కోయించుకుని, దానికి తాడు తగిలించి బండిలో పడవేయండి. తాడు ఎందుకంటే, పని అయ్యాక బురద ఆ పలకను అంత తేలికగా వదలదు.

ఇక జాకీల సంగతి. సీసా ఆకారంలో ఉండి నూనె ఒత్తిడితో లేచే బాటిల్ జాకీ బలమైనదే, ధర కూడా తక్కువే, కానీ మూసి ఉన్నప్పుడే అది దాదాపు జానెడు ఎత్తు ఉంటుంది. ఇరుసు నేలను తాకుతున్నప్పుడు దానిని దూర్చడానికి చోటు తవ్వుకోవాలి. ఆ పని పార, చిన్న గడ్డపార ఉంటే పావుగంటలో అవుతుంది. నా అనుభవంలో దిగబడిన బండ్లలో చాలావాటిని బయటికి తెచ్చింది ఆ పారే తప్ప మరే యంత్రమూ కాదు. టైర్లలో గాలిని 18–20 పీఎస్ఐ వరకు తగ్గించి, చక్రం కింద కంది కట్టో, రాళ్ళో వేసి నెమ్మదిగా కదిలిస్తే సగం సందర్భాల్లో ఇంకేమీ అవసరం ఉండదు. గాలి మళ్ళీ నింపుకోవడానికి చిన్న కంప్రెసర్ మాత్రం వెంట ఉండాలి.

హైలిఫ్ట్ జాకీకి ఉన్న గొప్ప గుణం ఎత్తు. నాలుగడుగుల రకం సుమారు పదమూడు కిలోల బరువు ఉంటుంది, గరిష్ఠంగా 4,660 పౌండ్లు, అంటే రెండు టన్నులకు కొంచెం పైన ఎత్తగలదు. అయితే అది బండిని ఎక్కడ పట్టుకుంటుందన్నది దుకాణంవారు చెప్పని మాట. కంపెనీ నుంచి వచ్చిన మీ బండి ముందు భాగంలో ఉన్నది ప్లాస్టిక్ బంపర్, దాని కింద జాకీ నాలుక పెడితే పగిలేది బంపరే. పైగా బాడీని పట్టి ఎత్తితే ముందు స్ప్రింగులు సాగుతాయి, బాడీ జానెడు పైకి వచ్చినా చక్రం బురదలోనే కూర్చుని ఉంటుంది. అందువల్ల ఆ జాకీ కొంటే చక్రం రిమ్ము సందుల్లో తగిలించే హుక్కుల పట్టీ కూడా తప్పక కొనండి. అప్పుడు బాడీతో నిమిత్తం లేకుండా చక్రమే పైకి లేస్తుంది. లేచిన వెంటనే గుంతను రాళ్ళతో నింపి దించేయడమే.

దించేటప్పుడే ప్రమాదం. మీట దిశ మార్చేముందు పిడిని కడ్డీకి ఆనించి నిటారుగా నిలబెట్టాలి. అలా చేయకుండా మారిస్తే బరువంతా పిడి మీదికి వచ్చి, అది ఒక్కసారిగా పైకి తన్నుతుంది. అనంతగిరి దగ్గర తొందరపడి చేసిన ఆ తప్పు గుర్తుగా నా కుడి ముంజేతి మీద ఇప్పటికీ ఒక మచ్చ ఉంది, తల ఆ దారిలో ఉంటే ఈ జవాబు రాయడానికి నేను ఉండేవాడిని కాను. జాకీ మీద బరువు సుమారు 70 కిలోల కంటే తగ్గితే అది మెట్టు మెట్టుగా దిగకుండా జారిపోతుందన్నదీ గుర్తుంచుకోవాలి. పని ముగిశాక దాని పిన్నులలోని మట్టిని కడిగి నూనె వేయకపోతే మరుసటిసారి అది ఎక్కనని మొరాయిస్తుంది.

పొగగొట్టం నుంచి వచ్చే పొగతో ఉబ్బే సంచి జాకీ బురదకు బాగుంటుందని కొందరు అంటారు. నిజమే, దాని అడుగు వెడల్పు కనుక దిగిపోదు. కానీ మన చేల గట్ల మీద సర్కారు తుమ్మ ముళ్ళు ఉన్నంత కాలం పైనా కిందా మందపాటి చాప వేయకుండా దానిని వాడమని నేను చెప్పను.

వించ్‌ విషయానికి వస్తే, బండి పూర్తి బరువుకు ఒకటిన్నర రెట్లు అన్నది అందరూ పాటించే లెక్క. మనుషులు, సామానుతో కలిపి మీ బండి 2,200 కిలోలు అనుకుంటే 3,300 కిలోలు, అంటే సుమారు 7,300 పౌండ్లు కావాలి. 9,500 పౌండ్ల వించ్ దానికి ధారాళంగా సరిపోతుంది, 12,000 అనవసరపు బరువు. ఈ అంకె కూడా డ్రమ్ము మీద తాడు మొదటి పొర మాత్రమే మిగిలి ఉన్నప్పటిది. నాలుగు పొరలు చుట్టుకుని ఉండగా లాగితే బలం దాదాపు మూడో వంతు తగ్గుతుంది. అందుకే స్నాచ్ బ్లాక్ అనే కప్పీ ఒకటి ఉంచుకోవాలి. తాడును ముందున్న చెట్టు దగ్గర కప్పీ చుట్టూ తిప్పి తిరిగి బండికే తగిలిస్తే వేగం సగమవుతుంది, లాగుడు దాదాపు రెట్టింపవుతుంది, తాడు ఎక్కువగా బయటికి వస్తుంది కనుక డ్రమ్ము మీద పొరలు కూడా తగ్గుతాయి. పూర్తి బరువు మీద ఆ మోటారు 400 ఆంపియర్ల దాకా తాగుతుంది, మీ ఆల్టర్నేటర్ అంత ఇవ్వలేదు కాబట్టి ఇంజన్ నడుస్తూ ఉండగా కొద్దికొద్దిగా లాగి, మధ్యలో ఆపుతూ పోవాలి.

ఏడాదిలో నాలుగైదుసార్లు మాత్రమే బాట దిగేవారైతే మీకు నా సలహా: పలక, పార, బాటిల్ జాకీ, కంప్రెసర్ ఇప్పుడే తీసుకోండి. హైలిఫ్ట్ జాకీని హుక్కుల పట్టీతో కలిపి తరువాత చూడండి. ఎలక్ట్రిక్ వించ్ గురించి నిర్ణయించుకునే ముందు ఈ కింది రెండు జవాబులూ చదవండి.

ప్రశ్న: రాణిగంజ్‌లో ఒక టన్ను చైన్ పుల్లీ చవకగా దొరికింది. నా జిమ్నీని లాగడానికి అది చాలదా?
– ఒక పాఠకురాలు, సైనిక్‌పురి

జవాబు: చైన్ పుల్లీ పై నుంచి వేలాడదీసి బరువులు ఎత్తడానికి చేసిన పరికరం. అడ్డంగా పడుకోబెట్టి లాగితే చేతి గొలుసు దాని గాడి తప్పి ఇరుక్కుంటుంది. అదే రాణిగంజ్‌లో, ఆ వీధుల్లోనే, తాడు ఒకవైపు నుంచి దూరి రెండోవైపు నుంచి బయటికి వచ్చే చేతి లాగుడు యంత్రం అడగండి. ఏ కంపెనీదైనా మెకానిక్కులు దానిని టిర్ఫర్ అనే పిలుస్తారు. లోపల రెండు దవడలు వంతులవారీగా తాడును పట్టి లాగుతాయి, డ్రమ్ము లేదు కనుక తాడు ఎంత పొడవున్నా బలం తగ్గదు. జిమ్నీ బరువు 1,200 కిలోల దగ్గర ఉంటుంది. అయితే చక్రాలు ఇరుసు దాకా మునిగితే బండి బరువుకు సమానమైన లాగుడు, చక్రాల పైనున్న మడ్‌గార్డుల దాకా మునిగితే దానికి రెండింతలు కావాలన్నది పాత మోటు లెక్క కాబట్టి, 1.6 టన్నుల యంత్రం, ఒక కప్పీ కలిపి తీసుకుంటే నిశ్చింతగా ఉండవచ్చు. యంత్రం మోత బరువే, చెమటలు పడతాయి. కానీ బండిని ముందుకూ, వెనక్కూ, పక్కకూ లాగగలగడం బంపరుకు బిగించిన వించ్‌కు సాధ్యం కాదు. తయారీదారు చెప్పిన మందం తాడే వాడాలి, మామూలు వైర్ రోప్ వేస్తే దవడల్లో జారుతుంది.

తాడు కట్టే చెట్టు వేపో, చింతో అయి ఉండి, వెడల్పైన పట్టీని మొదలుకు దగ్గరగా చుట్టాలి. నగరం చుట్టుపక్కల చెట్టు లేనిచోట గుండ్రాళ్ళు ఉంటాయి, వాటికి కట్టవచ్చు. సింథటిక్ తాడు అయితే మాత్రం నల్లరాతి అంచు మీద గోనెసంచి మడిచి వేయకుండా లాగవద్దు, ఆ అంచు కత్తిలా కోస్తుంది.

ప్రశ్న: వించ్ కోసం ఇనుప బంపర్ వేయిస్తే పోలీసులు పట్టుకుంటారా?
– ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: పట్టుకోవడానికి వారికి అధికారం ఉంది. వాహనాలకు అదనంగా బిగించే క్రాష్ గార్డులు, బుల్ బార్లు 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధమని కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. చలానా సంగతి అటుంచితే, ఉప్పల్ కూడలిలో మీ బంపరుకు తగిలే పాదచారి కాలు గురించీ, ఢీకొన్నప్పుడు ఎయిర్‌బ్యాగ్ సరైన క్షణంలో తెరుచుకుంటుందా అన్నదాని గురించీ ఆలోచించండి. వారంలో ఆరు రోజులు నగరంలో తిరిగే బండికి నేనైతే చేతి యంత్రాన్నే ఎంచుకుంటాను.

ప్రశ్న: వెనుక ట్రైలర్ కోసం వేయించిన బాల్ హిచ్‌కు తాడు కట్టి స్నేహితుడి బండిని లాగవచ్చా?
– ఒక పాఠకుడు, కొంపల్లి

జవాబు: ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఆ గుండు నిదానంగా దొర్లే ట్రైలర్ కోసం చేసినది. కుదుపుతో లాగితే మెడ దగ్గర విరిగి ఫిరంగి గుండులా ఎగురుతుంది, ఆస్ట్రేలియాలో ఇలా ప్రాణాలు పోయిన సందర్భాలు ఉన్నాయి. సాగే కైనెటిక్ తాడుతో అయితే ప్రమాదం ఇంకా ఎక్కువ, ఎందుకంటే అది దాదాపు 30 శాతం సాగి ఆ శక్తినంతా దాచుకుని ఉంటుంది. ఫ్రేముకు బిగించిన టో హుక్‌కే కట్టండి. రెండు తాళ్ళను కలపవలసి వస్తే మధ్యలో ఇనుప షాకిల్ (పిన్నుతో మూసే U ఆకారపు కొక్కెం) పెట్టకుండా ఒకదాని కన్నులో నుంచి మరొకటి దూర్చి ముడివేయండి. హుక్ దగ్గర పెట్టే షాకిల్ 19 మిల్లీమీటర్లది, ఒంటి మీద 4.75 టన్నులని స్పష్టంగా ముద్ర ఉన్నది తీసుకోండి. ముద్ర లేనిది ఎంత లావుగా కనబడినా దుకాణంలోనే వదిలి రండి.