ముసలి పెట్టలకి నూనె పోస్తే దిగే పిల్లల లెక్క పెరగదన్నా, ముందు పుంజుల్ని తూకం వేయండి

రైతు ప్రశ్న: సార్, మాది బంగారుపాళ్యం దగ్గర. బ్రాయిలర్ బ్రీడర్ పెట్టలు (మాంసం కోళ్ళ పిల్లల కోసం గుడ్లు పెట్టేవి) 3,000 ఉన్నాయి, రెండు షెడ్లు, డీప్ లిట్టర్ (నేల మీద పొట్టు పరిచి పెంచేది), వయసు 52 వారాలు. 40 వారాలప్పుడు హ్యాచబిలిటీ (పొదగేసిన గుడ్లలో పిల్లలు దిగేవి) 85 శాతం దాకా వచ్చేది, ఇప్పుడు 69కి పడిపోయింది. పెట్టలకి వయసైపోయి ఒంట్లో కొవ్వు చాలడం లేదు, అందుకే గుడ్డులో బలం లేదని మందుల షాపాయన చెప్తే మూడు వారాల నుంచి మొక్కజొన్న తగ్గించి ఫీడులో 2 శాతం తవుడు నూనె కలుపుతున్నాం, లివర్ టానిక్ కూడా ఇస్తున్నాం. రోజుకి పెట్టకి ఫీడు 155 గ్రాములు. గుడ్డు 70 నుంచి 73 గ్రాములకి పెరిగింది, పిల్లల శాతం మాత్రం పెరగలేదు. నూనె 3 శాతం చేయమంటారా, లేక చేప నూనె మంచిదా?

సమాధానం: 3 శాతం వద్దే వద్దన్నా, పోస్తున్న 2 శాతం కూడా ఆపేయండి. ఒకేసారి కాదు, ఒక వారం 1 శాతం, తర్వాత వారం సున్నా. ఇంత పొడుగు ప్రశ్న రాశారు గానీ పుంజుల గురించి ఒక్క ముక్క లేదు. ఎన్ని ఉన్నాయి, ఎంత బరువున్నాయి, ఎలా తిరుగుతున్నాయి, ఏమీ రాయలేదు. 45 వారాలు దాటిన ఫ్లాకులో పిల్లల శాతం పడిపోతే నేను ముందు అనుమానించేది పుంజునే, పెట్టని కాదు.

ముందు నూనె లెక్క. టన్ను ఫీడులో 20 కిలోల మొక్కజొన్న తీసి 20 కిలోల నూనె పోస్తే కిలో ఫీడుకి దగ్గర దగ్గర 110 కిలో కేలరీలు పెరుగుతాయి, మీరిచ్చే 155 గ్రాముల్లో అది 17 కిలో కేలరీలు. గుడ్లేమో వయసుతో పాటు తగ్గుతా వస్తున్నాయి, అసలు ఈ వయసులో ఫీడు మెల్లగా తగ్గించుకుంటా రావాల్సింది పోయి మీరు శక్తి పెంచుతున్నారు, ఆ మిగులు ఇంకెక్కడికి పోతుంది, పొట్టలో కొవ్వు కిందకే. షెడ్లో ఈసారి పెట్ట చచ్చిపోతే పారేయకుండా కోసి చూడండి, పొట్టకొవ్వు అరచేయంత దిమ్మగా ఉండి లివర్ పసుపురంగులో ముట్టుకుంటే చితికిపోతుంటే మీ షాపాయన చెప్పిన "కొవ్వు చాలకపోవడం" ఎంత నిజమో మీకే తెలుస్తుంది. కోసి చూడటం చేతకాకపోతే ఐసులో పెట్టి తిరుపతి వెటర్నరీ కాలేజీకి తీసుకురండి.

గుడ్డు సైజు పెరిగింది కదా అని సంతోషపడకండి, అది టేబుల్ గుడ్డు అమ్మేవాళ్ళకి సంతోషం. నూనెలో లినోలియిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం ఉంటుంది, అది గుడ్డు బరువు పెంచుతుంది. మొక్కజొన్న, సోయా ఉన్న ఫీడులో అది ముందే సరిపడా ఉంటుంది. పెట్ట మాత్రం గుడ్డు చిన్నదైనా పెద్దదైనా ఇంచుమించు అంతే సున్నం పోస్తుంది, కాబట్టి గుడ్డు పెరిగే కొద్దీ పెంకు పలచనవుతుంది, లోపలి తేమ ఎక్కువ పోతుంది, పిండం చస్తుంది. మీ గుడ్డు 3 గ్రాములు పెరగడం నాకైతే చెడ్డ వార్తే.

ఇప్పుడు అసలు పని. హ్యాచరీ వాళ్ళని అడిగి పొదగేసిన 10వ రోజు క్యాండ్లింగులో (గుడ్డుని లైటు ముందు పెట్టి చూడటం) పిండం కనబడక తీసేసిన క్లియర్ గుడ్లు ఒక 50 తెచ్చుకుని ఒక్కొక్కటి పగలగొట్టి పచ్చసొన మీద చుక్క చూడండి. చుక్క చిన్నగా, గట్టి తెల్లగా, అంచులు వంకరటింకరగా ఉంటే అది పుంజు ఎక్కని గుడ్డు. చుక్క వెడల్పుగా పలచబడి పాలమీగడ రంగులోకి తిరిగినా, చుట్టూ రక్తపు గీత కనిపించినా, అది పుంజు ఎక్కింది, పిండం మొదట్లోనే చచ్చిపోయింది. మొదటిది ఎక్కువుంటే పుంజుల తప్పు. రెండోది ఎక్కువుంటే గుడ్ల నిల్వ తప్పు, మీ వయసు పెట్టల గుడ్లని నాలుగు రోజులకి మించి ఉంచకూడదు, అదీ 16 నుంచి 18 డిగ్రీల్లో.

పుంజుల్లో మొదట వెతకాల్సింది ఏంటో చెప్తా. పెట్టల ఫీడర్ గ్రిల్ (పుంజు తల దూరకుండా పెట్టల మేత తొట్టి మీద పెట్టే కమ్మీలు) సందు 45 మిల్లీమీటర్లు ఉండాలి, ఏడాదికల్లా కమ్మీలు వంగి సందు పెద్దదవుతుంది, అప్పుడు పుంజు తన తిండి తిని మళ్ళీ పెట్టల తిండిలో కూడా తలపెడుతుంది. 45 మిల్లీమీటర్ల చెక్కముక్క ఒకటి కోసుకుని గ్రిల్ పొడుగునా సందు సందుకీ పెట్టి చూసుకుంటా పొండి, వదులుగా ఆడిందంటే ఆ కమ్మీ వంచాలి. మీరు పోసిన నూనె ఫీడు అట్లా పుంజుల పొట్టల్లోకి కూడా పోయిందని నా అనుమానం. లావైన పుంజు ఎక్కలేదు, ఎక్కినా పని జరగదు, కాళ్ళ కింద పుండ్లు పడతాయి.

పొద్దున మేత వేయకముందు ఒక్కో షెడ్లో 100 పెట్టలు, పుంజుల్లో పదో వంతు తూకం వేయండి, ప్రతి వారం అదే రోజు అదే టైముకి. బ్రీడు కంపెనీ ఇచ్చిన పట్టికతో పోల్చుకోండి. మన జిల్లాలో లక్షలు పెట్టి షెడ్లు కడతారు, టానిక్కులకి వేలు పోస్తారు, కోళ్ళ తూకం కాటా మాత్రం ఉండదు, ఉన్నా దాని మీద ఫీడు బస్తాలు పెట్టుంటారు! నేను పోయిన ఫారాల్లో ఇదే చూస్తా ఉన్నా.

తూకమేసేటప్పుడే పుంజు వెనక వైపు ఎత్తి చూడండి, పని చేసే పుంజుకి అక్కడ ఎర్రగా తడిగా ఉంటుంది, పాలిపోయి పొడిగా ఉన్నవాటిని, కుంటివాటిని తీసేయండి. షెడ్డుకి 1,500 పెట్టలకి 120 పుంజులు చాలు. కొత్త పుంజులు కొనకముందు ఒక షెడ్డు నుంచి 30, ఇంకో షెడ్డు నుంచి 30 మార్చుకోండి, సాయంత్రం లైట్లు తగ్గించాక. కొత్త ముఖం కనబడితే ఎక్కే హుషారు పెరుగుతుంది, ఒక ఆరేడు వారాలు పనిచేస్తుంది, బయటి రోగమూ రాదు. తర్వాత కూడా కావాలంటే మొత్తం పుంజుల్లో 20 శాతం కొత్తవి వేయండి, 25 వారాలు నిండి 4 కిలోలు దాటినవే, మైకోప్లాస్మా, సాల్మొనెల్లా రోగాలకి రక్త పరీక్ష చేయించాకే. ఫలితం ఐదు వారాల తర్వాతే కనబడుతుంది, పదో రోజుకే ఫోన్ చేయొద్దు. కేజుల్లో ఏఐ (పుంజు వీర్యం తీసి పెట్టకి చేత్తో ఎక్కించడం) చేసేవాళ్ళకి ఈ గొడవ లేదు, వాళ్ళు మధ్యాహ్నం గుడ్డు పెట్టేశాక చేయాలి, ముసలి పెట్టలకి గ్యాప్ ఐదు రోజులు దాటకూడదు.

చేప నూనె అడిగారు. పుంజు వీర్యంలో పొడుగు గొలుసుల కొవ్వు ఆమ్లాలు ఎక్కువ, అవి తొందరగా ఆక్సిడైజ్ అవుతాయి, విటమిన్ ఇ చాలకుండా చేప నూనె పోస్తే మేలు కన్నా కీడే ఎక్కువ. దాని బదులు టన్ను ఫీడుకి విటమిన్ ఇ 100 గ్రాములు ఉందో లేదో ప్రీమిక్స్ (ఫీడులో కలిపే విటమిన్ల పొడి) బస్తా మీద చూడండి, తక్కువుంటే పెంచండి. పెట్టల ఫీడులో సున్నపురాయి మూడింట రెండు వంతులు 2 నుంచి 4 మిల్లీమీటర్ల గుళికలుగా ఉండాలి, పిండి సున్నం రాత్రి పెంకు కట్టే టైముకి మిగలదు. ఏప్రిల్, మే ఎండల్లో కోడి మేత వదిలేస్తుంటే 1 శాతం నూనె పోయొచ్చు, అది వేడి తక్కువ పుట్టిస్తుంది. అది కూడా తాజాది, డబ్బా మూత తీస్తే ముక్కిపోయిన వాసన రాకూడదు. పత్తిగింజల నూనె ఎంత చవకగా ఇచ్చినా బ్రీడరుకి వద్దు, తెల్లసొన గులాబీ రంగుకి తిరుగుతుంది, పిల్లలు దిగవు.

లివర్ టానిక్ డబ్బులతో ఆ కాటా కొనండి. షాపాయనకి నూనె అమ్ముడుపోతే చాలు, గుడ్డు పగలగొట్టి చూడమని ఆయన చెప్పడు. 50 గుడ్ల లెక్క రాసి పంపండి, పుంజుల బరువులు కూడా. ఫోటోలు పంపేటప్పుడు గుడ్డుని నల్ల ప్లేటులో పగలగొట్టండి, తెల్ల ప్లేటులో చుక్క నాకు కనబడదు.