శనివారం నేనొచ్చేదాకా డబ్బు పంపకు

చిరంజీవి చిన్నోడికి, పెదనాన్న ఆశీస్సులు.

మొన్న మీ నాన్న ఫోన్ చేసి, "వీడు డాలస్‌లో కూర్చుని ఒహాయోలో ఉన్న పాత కారు కొంటాడట, నువ్వైనా చెప్పు అన్నయ్యా" అన్నాడు. ఏం కారురా అంటే 1970 షెవెల్ ఎస్ఎస్, అదే షెవ్రోలే వాళ్ళ సూపర్ స్పోర్ట్ బండి, అన్నాడు. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. సగం భయం, సగం సంతోషం. 1978లో నేను డెట్రాయిట్ వచ్చిన కొత్తలో ఉడ్‌వర్డ్ రోడ్డు మీద సిగ్నల్ దగ్గర అలాంటిదే నా పక్కన ఆగింది. కదలకుండా నిలబడి ఉన్నప్పుడే దాని ఎనిమిది సిలిండర్ల వి8 ఇంజిన్ నా గుండెల్లో అదిరింది. మన ఇంట్లో ఆ పిచ్చి నాతోనే ఆగిపోతుందనుకున్నాను.

ముందు కాగితాలు. టైటిల్, అంటే బండి ఎవరిదో చెప్పే కాగితం, దాని మీది నంబరు, డాష్ మీద అద్దంలోంచి కనిపించే నంబరు ఒకటే కావాలి. కానీ ఆ నంబరు అది ఎస్ఎస్ అని చెప్పదు. 1968లో ఎస్ఎస్‌కి 138తో మొదలయ్యే నంబరు వేరే ఉండేది. 1969 నుంచి అదొక ఆప్షన్ అయిపోయింది. నీ 1970 బండి నంబరు షెవెల్‌లోనే మామూలు రకమైన మాలిబు వి8 లాగే 136తో మొదలవుతుంది. అందుకే ఎస్ఎస్ బ్యాడ్జీలు తగిలించిన మాలిబులు అన్ని ఉన్నాయి. పెట్రోల్ ట్యాంకు పైన ఇరికించిన బిల్డ్ షీటు, అంటే ఆ బండికి ఏమేం బిగించాలో ఫ్యాక్టరీ రాసుకున్న కాగితం, దొరికిందా అని అడుగు. ఇంజిన్ బ్లాకు ముందు, ప్యాసింజర్ వైపు హెడ్డు కింద కారు నంబరులో కొంత ముక్క కొట్టి ఉంటుంది. అక్కడ ఫ్యాక్టరీ మిషను వదిలిన సన్న గీతలు కనపడాలి. నున్నగా ఉంటే ఎవరో అరగదీసి మళ్ళీ కొట్టారన్నమాట. 450 హార్స్‌పవర్ ఎల్ఎస్6 ఇంజిన్ ఉన్న బండి అని అమ్మేవాళ్ళ దగ్గర ఇంకా జాగ్రత్త. కాగితం లేకపోతే మాలిబు ధరే ఇవ్వు. మాలిబు కూడా మంచి బండే.

ఇవన్నీ నువ్వు నెట్లో చదివే ఉంటావు. నీకు చెప్పాల్సింది వేరే ఉంది.

1986 ఫిబ్రవరిలో నేను 1968 పాంటియాక్ జీటీవో కొన్నాను. నంబరు 242తో మొదలైంది, అంటే నిజమైన జీటీవోనే. ఇంజిన్ నంబరూ కలిసింది. ఇక చూసేదేముంది అనుకున్నాను. చీకటి పడింది, గ్యారేజీలో ఒకటే బల్బు, కొత్తగా వేసిన నల్ల పెయింటు మెరిసిపోతోంది. ఆఫీసు బట్టల్లో ఉన్నాను, తడి నేల మీద పడుకోబుద్ధి కాలేదు. పగలంతా ప్లాంటులో డోర్ల సందులు కొలిచే ఉద్యోగంరా నాది! "కింద చూశారా?" అని మీ పెద్దమ్మ అడిగింది కూడా. చూశానన్నాను.

మే నెలలో కార్పెట్ ఆరబెడదామని ఎత్తాను. డ్రైవర్ కాళ్ళ కింద పసుపు రంగు రేకు, దాని మీద సగం తెగిన నల్ల అక్షరాలు. రోడ్డు పక్క బోర్డు కోసి, రివెట్లు కొట్టి, పైన తారు పూశారు. వెనక చక్రం పైన, బండిని మోసే ఫ్రేములో స్క్రూడ్రైవర్ గుచ్చితే పిడి దాకా దిగిపోయింది, అంత తుప్పు. వెల్డరు చెప్పిన లెక్క కారు ధర కన్నా ఎక్కువ. మొండిపట్టుతో నేనే విప్పదీశాను. బోల్టులన్నీ కాఫీ డబ్బాల్లో వేశాను, ఒక్క దాని మీదా చీటీ లేదు. మూడేళ్ళు పట్టా కింద ఉండి చివరికి ముక్కలుగా అమ్ముడుపోయింది.

ఆ డబ్బు మేము ఇండియా వెళ్ళడానికి దాచిన టికెట్ల డబ్బు. ఆ ఏడాది వెళ్ళలేదు. మీ నాయనమ్మ ఉత్తరంలో ఒక్క మాట అనలేదు, "కారు బాగైందా నాయనా" అని రాసింది, అంతే. ఆ ఉత్తరం ఇప్పటికీ నా దగ్గరుంది.

అందుకే చెప్తున్నా. ఒహాయోలో చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, దాంతో బండి కింద తుప్పు పడుతుంది. పగటి వెలుగులో చూడు. చిన్న అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి వెనక చక్రాల వెనకాల, డోర్ల అంచుల కింద పెట్టు. అంటుకోకపోతే లోపల పుట్టీ ఉంది. పైకప్పు మీద వినైల్ తొడుగు ఉంటే వెనక అద్దం చుట్టూ వేలితో నొక్కు. డిక్కీలో మ్యాట్ ఎత్తు. బాడీ వచ్చి ఫ్రేము మీద కూర్చునే చోట్లు, వెనక యాక్సిల్ పైన ఫ్రేము, ఇవి స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడాల్సిందే. అమ్మేవాడు వద్దంటే తిరిగొచ్చెయ్. ఇంజిన్ పోతే ఇంకొకటి దొరుకుతుంది, షెవెల్‌కి కొత్త రేకులూ దొరుకుతాయి. వాటిని అతికించే మనిషి కూలీయే మనల్ని ముంచేది.

జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి దూరకు. స్టాండ్లు పెట్టు. ఇది నా మీద ఒట్టు అనుకో.

అడ్రసు పంపు. మా ఇంటి నుంచి మూడు గంటల దారే. పాత దుప్పటి, టార్చి, అయస్కాంతం నేను తెస్తాను. కింద పడుకుని చూసేది నేనే, నువ్వు పక్కన కూర్చుని లైటు పట్టుకో. మీ పెద్దమ్మ పులిహోర చేసిస్తానంటోంది.

మీ పెదనాన్న