బెజవాడ ఉక్కపోతకి అపార్ట్‌మెంట్లు కారణమా?

సింగ్‌నగర్‌లో అపార్ట్‌మెంట్లు పెరిగాకే తేమ పెరిగిందని మీ ఇంట్లో అంటున్నారు. ఊరు పెరిగితే గాలి పొడిబారుతుందని మీరెక్కడో చదివారు. ఏది నిజం, ఇంతకీ కూలర్ కొనాలా వద్దా అని కదా మీ ప్రశ్న? మేం పటమటలో ముప్పై ఏళ్లుగా ఉంటున్నాం. ఇదే వాదన మా ఇంట్లోనూ నడిచింది. తేల్చుకుందామని వేడినీ తేమనీ కొలిచే చిన్న మీటర్లు రెండు కొన్నాను.

ఒకటి మా డాబా మీద వేలాడదీశాను. రెండోది ఉయ్యూరు అవతల పల్లెలో మా చెల్లెలి వాళ్ల పెరట్లో పెట్టించాను. (ముందు రెండూ పక్కపక్కన ఉంచి చూశాను, తేడా అర డిగ్రీ లోపే.) మే నెలలో ఒక రాత్రి పదింటికి ఫోన్లో మాట్లాడుకుంటూ ఇద్దరం ఒకేసారి చూశాం. మాకు 33 డిగ్రీలు, తేమ 62 శాతం. వాళ్లకి 30.5 డిగ్రీలు, తేమ 72 శాతం. "తేమ మాకే ఎక్కువన్నయ్యా! కానీ ఆరుబయట మంచాలేసుకున్నాం, హాయిగానే ఉంది" అంది. నేనేమో బనియన్ పిండుకుంటున్నాను.

కిటుకు ఆ శాతంలోనే ఉంది. గాలిలో ఎంత ఆవిరి ఉందో అది చెప్పదు. ఆ వేడి దగ్గర గాలి పట్టగలిగిన ఆవిరిలో ఎంత నిండిందో చెబుతుంది. ఒక్క డిగ్రీ పెరిగితే గాలి సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరి పడుతుంది. ఆ లెక్కన చూస్తే ఆ రాత్రి రెండు చోట్లా ఆవిరి దాదాపు ఒకటే. మా దగ్గర శాతం తగ్గింది గాలి వేడెక్కినందువల్ల. మీరు చదివిన 'పొడిబారడం'లో సగం ఇదే. చెట్లు, మట్టి పోయి ఆవిరి పుట్టే చోటు తగ్గడం మిగతా సగం.

మరి మనకి జిగురు చెమట ఎందుకు? ఆవిరి సముద్రానిది. తీరాన ఉన్న బందరు ఇక్కడికి సుమారు 70 కిలోమీటర్లు. మధ్యాహ్నం పడమటి గాలి తోలుతుంటే ఒళ్లు మాడుతుంది గానీ చెమట ఇట్టే ఆరిపోతుంది. సాయంత్రం గాలి మళ్లి ఆగ్నేయం నుంచి, అంటే సముద్రం వైపు నుంచి, వీస్తే ఉక్క మొదలు. ఇది మా తాతల కాలంలోనూ ఉంది. ఊరు పెరిగి చేసిన అన్యాయం వేరు, రాత్రి చల్లబడకుండా చేసింది. పగలంతా శ్లాబులు, రోడ్లు మింగిన వేడిని తెల్లవార్లూ కక్కుతాయి. లండన్ రాత్రులు చుట్టుపక్కల పల్లెలకంటే వెచ్చగా ఉంటున్నాయని ల్యూక్ హోవార్డ్ అనే ఆయన 200 ఏళ్ల కిందటే కొలిచి రాశాడు.

మా పక్క స్థలంలో పెద్ద వేపచెట్టు ఉండేది. దాన్ని కొట్టేసి ఐదంతస్తులు లేపారు. లీటరు నీరు ఆవిరైతే సుమారు 0.67 యూనిట్ల కరెంటుకి సమానమైన వేడిని లాగేస్తుంది. చెట్టు రోజూ చేసే పని అదే. ఇప్పుడు అక్కడ పది ఏసీలు మా కిటికీ వైపు వేడిగాలి ఊదుతున్నాయి. పైరగాలి అనే మాట మా పిల్లలకి తెలియదు. ఆ గాలి వచ్చే వైపు పైరూ లేదు, సందూ లేదు.

అన్నీ అపార్ట్‌మెంట్ల మీద తోసెయ్యను లెండి. వన్‌టౌన్‌లో కొండ కింద ఇళ్లకి ఈ బాధ ముందునుంచీ ఉంది, రాయి కూడా శ్లాబు లాంటిదే. ఇంకోమాట, పేపర్లో విజయవాడ అని వేసే ఉష్ణోగ్రత గన్నవరం విమానాశ్రయం దగ్గర కొలిచింది. మీ సందులో అంతకంటే ఎక్కువ అనిపిస్తే అది మీ భ్రమ కాకపోవచ్చు.

కూలర్ సంగతి. పడమటి గాలి ఉన్నంతసేపు బ్రహ్మాండంగా పనిచేస్తుంది, కొనండి. గాలి మళ్లాక మాత్రం లోపలి నీళ్ల మోటారు ఆపేసి, కిటికీలు తీసి ఉత్త ఫ్యాన్‌లా వాడండి. లేకపోతే ఉన్న ఉక్కకి ఇంకాస్త ఆవిరి కలిపి ముఖాన కొడుతుంది. మీది పై అంతస్తయితే కూలర్ కంటే ముందు డాబాకి తెల్లసున్నం కొట్టించండి. మాకు దానివల్ల రాత్రి పడకగదిలో తేడా తెలిసింది.