జట్టు మారుతున్న మా చిన్నాకు

చిరంజీవి చిన్నాకు పెదనాన్న దీవించి వ్రాయునది.

నువ్వు మీ బాస్కెట్‌బాల్ జట్టును వదిలి, రెండేళ్ళుగా ఫైనల్లో మిమ్మల్ని ఓడిస్తున్న జట్టులోనే చేరబోతున్నావని నిన్న రాత్రి మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఛాంపియన్లే పిలిచి ఉద్యోగం ఇస్తామన్నారంటే నీ ఆట ఎక్కడికి చేరిందో తెలిసి నా గుండె నిండిపోయింది. కానీ ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టక, లేచి వెనక గదిలోకి వెళ్ళి లైటు వేశాను. నువ్వు ఇక్కడ ఉండి చదువుకున్న రోజుల్లో అంటించిన అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు కెవిన్ డ్యురాంట్ పోస్టరు ఊడిన చోట, నాలుగు మూలలా పెచ్చు లేచిన గుర్తులు ఇంకా అలాగే ఉన్నాయి.

2016లో మనిద్దరం తెల్లవారుజామునే లేచి టీవీ ముందు కూర్చునేవాళ్ళం. ఆ సీజనులో 73 మ్యాచ్‌లు గెలిచిన గోల్డెన్ స్టేట్ వారియర్స్ మీద డ్యురాంట్ ఆడే ఓక్లహోమా సిటీ జట్టు ఏడు మ్యాచ్‌ల పోరులో 3-1 ఆధిక్యం సంపాదించి, ఆ తరువాత వరుసగా మూడూ ఓడిపోయిన రోజు నువ్వు టిఫిను ముట్టలేదు. జూలై 4న అతడు అదే వారియర్స్‌లో చేరుతున్నట్టు వ్యాసం రాసి ప్రకటించాడని తెలియగానే ఆ పోస్టరు చింపేశావు. "ఓడించినవాళ్ళ దగ్గరికే వెళ్ళిపోయాడు పెదనాన్నా" అని నువ్వు ఏడుస్తుంటే నీ తల నిమిరానే తప్ప ఒక్క మాట మాట్లాడలేకపోయాను. 1983లో నేను చేసిందీ అదే.

వెళ్ళవద్దని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఆటగాడు బాగా ఆడగలిగే కాలం పదేళ్ళే. అవసరం తీరిన ఆటగాణ్ణి జట్లు అతడి మాట కూడా అడగకుండా ఇంకొకరికి ఇచ్చేస్తున్నప్పుడు, ఆటగాడు తన దారి తాను చూసుకుంటే అది ద్రోహం కాదు. డ్యురాంట్ 2017లోనూ 2018లోనూ ఛాంపియన్ అయ్యాడు, రెండు ఫైనల్స్‌లోనూ అతడే అత్యుత్తమ ఆటగాడు.

నియామకపు ఉత్తర్వు చేతికి రాకుండా ఇక్కడ రాజీనామా ఇవ్వకు. బాస్కెట్‌బాల్ సంఘం నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం, తీసుకో. కాగితం మొత్తం చదివి సంతకం పెట్టు. ఇవి నీకు తెలిసినవే.

నీకు తెలియనిది మా మాస్టారి సంగతి. మా ఊళ్ళో అప్పట్లో ఉన్నది మట్టి కోర్టు. మా డ్రిల్లు మాస్టారు రోజూ అయిదింటికల్లా వచ్చి, బిందెతో నీళ్ళు చల్లి, దుమ్ము అణిగాక తన చేత్తోనే సున్నం గీతలు వేసేవారు. మేము వచ్చేసరికి ఆయన పంచె అంచుకు సున్నం అంటుకుని ఉండేది. ఒక ప్రభుత్వ శాఖ జట్టు మమ్మల్ని మూడేళ్ళు వరుసగా ఫైనల్లో ఓడించింది. నాలుగో ఏడు వాళ్ళు నన్ను పిలిచారు. ఒప్పుకున్నాను కానీ మాస్టారికి చెప్పడానికి ధైర్యం చాల్లేదు. మూడు రోజులు మామూలుగానే ప్రాక్టీసుకు వెళ్ళాను. మూడో సాయంత్రం ఆయన బంతులన్నీ వలసంచిలో వేసి, మూతి బిగించి కట్టి, "ఇంకేమైనా ఉందా రా?" అని అడిగారు. ఏమీ లేదన్నాను. ఆ రాత్రే రైలెక్కాను. మర్నాడు మీ నాయనమ్మను ఆయన ఇంటికి పంపాను, నేను చెప్పవలసిన మాట ఆవిడ చేత చెప్పించాను.

మరుసటి ఏడు మా ఊళ్ళోనే, మా పాత జట్టుతోనే ఫైనల్. అవతలివాళ్ళ తప్పుకు ఎవరూ అడ్డురాకుండా బుట్టలో వేసే ఫ్రీ త్రోలు రెండు నాకు దక్కి, ఆ గీత దగ్గర నిలబడగానే ఊరు ఊరంతా ఒక్కపెట్టున అరిచింది. రెండూ తప్పాయి. మాస్టారు మాత్రం బెంచీ మీద తల వంచుకుని స్కోరు పుస్తకంలో రాసుకుంటూ ఉన్నారు. మేము గెలిచాం, కప్పు పట్టుకుని ఫోటో దిగాం, ఆయన దగ్గరికి వెళ్ళడానికి కాళ్ళు రాలేదు. చాలా ఏళ్ళ తరువాత మా శాఖలో పాత ఆటల అధికారి రిటైరవుతూ ఒక ఫైలు చూపించారు. నన్ను తీసుకోమని, ఎడమ చేతి వాటం కూడా ఉన్నవాడని, కుటుంబానికి ఉద్యోగం అవసరమని రాసిన ఉత్తరం అందులో ఉంది. అది మాస్టారి దస్తూరీ. ఆ సాయంత్రం ఆయన అడిగింది దేని గురించో అప్పుడు అర్థమైంది. అప్పటికి ఆయన పోయి రెండేళ్ళయింది.

జనం అరుపులకు భయపడకు. 2017 ఫిబ్రవరి 11న ఓక్లహోమా ప్రేక్షకులు ఆట ఆసాంతం గేలి చేస్తుంటే డ్యురాంట్ 34 పాయింట్లు చేశాడు. బార్సిలోనా నుంచి రియల్ మాడ్రిడ్‌కు మారిన ఫుట్‌బాల్ ఆటగాడు ఫిగో మీద, పాత మైదానంలోనే, 2002లో పంది తల విసిరారు. గుజరాత్ వదిలి ముంబైకి తిరిగి వచ్చిన హార్దిక్ పాండ్యాను 2024 ఏప్రిల్‌లో వాంఖడేలో ఎగతాళి చేసినవాళ్ళే, ప్రపంచ కప్పు గెలిచాక జూలైలో అదే మైదానంలో అతడి పేరు జపించారు. జనం కోపం అలాంటిది. మాస్టారి మౌనం అలా పోదు నాన్నా, నలభై ఏళ్ళయినా నాకు పోలేదు.

ఇంకొక భయం ఉంది, దాన్ని చాదస్తం అనుకోకు. కొత్తవాడు తన విలువ నిరూపించుకోవాలని నొప్పి దాచుకుంటాడు. పిక్క గాయంతో నెల రోజులు బయట కూర్చున్న డ్యురాంట్ 2019 జూన్ 10న ఫైనల్స్ కోసం తిరిగి దిగి, పన్నెండు నిమిషాలకే మడమ వెనకుండే అకిలిస్ నరం తెగి కూలబడ్డాడు. నీ కుడి మోకాలి సంగతి కొత్త ఫిజియోకు మొదటి రోజే చెప్పు. దాచావని తెలిస్తే నేనే రైలెక్కి వచ్చి నిన్ను చీవాట్లు పెడతాను.

ఈ ఉత్తరం అందిన సాయంత్రమే మీ కోచ్ గారి ఇంటికి వెళ్ళు. ఫోన్ వద్దు, మెసేజ్ అసలే వద్దు, మీ నాన్నను వెంట తీసుకెళ్ళవద్దు. ఆయన కోప్పడితే నిలబడి విను, కూర్చోమంటే కూర్చో. బయటికి వచ్చాక నాకు ఫోన్ చెయ్యి. ఎంత రాత్రయినా మేలుకునే ఉంటాను.

ఆశీస్సులతో,
పెదనాన్న