అమెరికా కాలేజీలు సీటిచ్చేటప్పుడు జాతి చూస్తాయా, శాట్ మార్కులు చూస్తాయా?

జాతిని చూడకూడదు, శాట్ (కాలేజీ ప్రవేశానికి రాసే పరీక్ష, మొత్తం 1600) మార్కులు చూడొచ్చు, కానీ పేరున్న కాలేజీల్లో ఆ మార్కులొక్కటే సీటు తేల్చవు. జాతిని చూడకూడదన్నది హార్వర్డ్, నార్త్ కరోలినా యూనివర్సిటీల కేసుల్లో 2023 జూన్ 29న అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. సీట్లు పరిమితం కాబట్టి జాతిని బట్టి ఒకరికి మొగ్గు చూపితే మరొకరికి నష్టమేనని, అది రాజ్యాంగం చెప్పే సమాన రక్షణకు విరుద్ధమని కోర్టు అంది. అయితే జాతి తన జీవితాన్ని ఎలా ప్రభావితం చేసిందో విద్యార్థి వ్యాసంలో రాసుకోవచ్చు. అందులో కనబడే పట్టుదలకు విలువ ఇవ్వొచ్చు గానీ జాతికి కాదు. ఆచరణలో ఈ గీత కాస్త సన్ననిదే.

మార్కులనూ విడిగా చూడరు. దరఖాస్తుతో పాటు స్కూలు వివరాల కాగితం కూడా వస్తుంది: అక్కడ ఏ కోర్సులున్నాయి, మిగతా పిల్లల స్థాయి ఏమిటి అని. ఉదాహరణకు, అందరికీ 1500 దాటే స్కూల్లో 1540 తెచ్చుకున్న పిల్లాడి కంటే, 1200 దాటడమే గొప్పనుకునే స్కూల్లో 1450 తెచ్చుకున్న అమ్మాయి అడ్మిషన్ అధికారి కళ్లకు ఎక్కువ ఆనవచ్చు. కొన్ని కాలేజీలు, ముఖ్యంగా కాలిఫోర్నియా యూనివర్సిటీ, అసలు శాట్ మార్కులే చూడవు.

చాలామంది పొరబడేది ఎక్కడంటే, అక్కడా మనలాగే రిజర్వేషన్ కోటా ఉండేదని, ఇప్పుడు ఎత్తేశారని. జాతి వారీ కోటాలు 1978లోనే చెల్లవన్నారు. 2023 దాకా జాతి అనేక అంశాల్లో ఒకటి, అంతే. ఎంసెట్ ర్యాంకు కౌన్సెలింగ్ లాంటిది అక్కడ లేదు.